కోడలి మొదటి మాట

తలగడ కింద లేదు. పరుపు కింద లేదు. పరుపు చింపి, లోపలి ఉన్నిని గదంతా పీకి పోసినా లేదు.

రాత్రి పడుకునేటప్పుడు కిరాకోస్ ఆఘా చర్చి తాళంచెవిని తలగడ కిందే పెట్టుకున్నాడు. జానెడు పొడవున్న ఇనుప తాళంచెవి. ఎక్కడో జారిపోవడానికి అదేం సూది కాదు. తెల్లవారి ముఖం కడుక్కుని తుడుచుకునేసరికి అది లేదు.

ఇప్పుడాయన తివాచీ కింద తల దూర్చి వెతుకుతున్నాడు. అలెగ్జాండ్రపోల్ కోటలో రష్యన్ పటాలం గుర్రాలకు బార్లీ సరఫరా చేసే కాంట్రాక్టరు, పేట చర్చికి ధర్మకర్త, ఆదివారం ప్రార్థనలో అందరికంటే గట్టిగా ఏడ్చే పెద్దమనిషి. తల తివాచీ కింద ఉంది, మిగిలిన మనిషి పైన ఉన్నాడు. ఆ మిగిలిన మనిషిని చూస్తే, ఇంతకాలం ఊరు దేన్ని చూసి లేచి నిలబడిందో అర్థం కాదు.

కోడలు తాగుహి నీళ్ల చెంబు పట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఆ దృశ్యాన్ని తీరిగ్గా చూస్తోంది. ముక్కు దగ్గర నుంచి గడ్డం దాకా ఆమెకు తెల్లటి గుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ వెనక నవ్వినా ఎవరికీ తెలియదు. ఏడేళ్ల కాపురంలో ఆ గుడ్డ వల్ల ఆమెకు కలిగిన లాభం అదొక్కటే.

"ఏదో గాలి చేష్టండీ ఇది," అంది అత్తగారు పెప్రోన్, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంటూ.

"దెయ్యానికి చర్చి తాళంచెవి దేనికే? ముట్టుకుంటే కాలి చస్తుంది." ఆయన తల బయటికి వచ్చింది. మీసానికి ఉన్ని అంటుకుంది. "మనుషులే తీశారు. మన ఇంట్లో మనుషులే."

"దొంగలైతే నా వెండి వడ్డాణం వదిలేసి ఇనప ముక్క పట్టుకుపోతారా?"

"అదేగా నేను మొత్తుకుంటున్నది!"

కొడుకు, అంటే తాగుహి మొగుడు హైరాపేత్ గోడకు చేరగిలబడి పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, తొక్కలు అరచేతిలోకి ఉమ్ముకుంటున్నాడు. తండ్రి ఉన్న గదిలో నేల మీద ఉమ్మే ధైర్యం అతనికి ఇంకా రాలేదు. ముప్ఫై ఏళ్లు మాత్రం వచ్చాయి.

"లేదని చెప్పేస్తే సరి కదా నాన్నా. పోలీసు దొర చూసుకుని తిరిగి వెళ్లిపోతాడు."

"లేదంటే నమ్మడానికి ఆయన మీ అమ్మ అనుకున్నావురా?" కిరాకోస్ ఆఘా గొంతు కీచుమంది. "నేను మాటిచ్చాను. మధ్యాహ్నం వస్తాడు. నలుగురూ చూస్తుండగా కేకలేస్తాడు, కత్తి దూస్తాడు. నేను అడ్డం పడి ఏడుస్తాను. నా చేతిలోంచి లాక్కుంటాడు. అంతా మాట్లాడుకున్నాం. ఎక్కడ ఏడవాలో కూడా అనుకున్నాం! ఇప్పుడు లాక్కోవడానికి నా చేతిలో ఏముంది, నీ గింజల తొక్కలా?"

హైరాపేత్ గుప్పిట మూసుకున్నాడు.

ఆర్మేనియన్ చర్చిల ఆస్తులన్నీ, అంటే తోటలు, కొట్లు, బడులు, అద్దెగదులు అన్నీ, సర్కారుకు అప్పగించాలని జార్ చక్రవర్తి ఆజ్ఞ. ఇచ్చేది లేదని ఊరు మొండికేసింది. నాలుగు రోజులుగా జనం చర్చి ప్రాంగణంలో రొట్టె, జున్ను మూటలు పెట్టుకుని కూర్చున్నారు. తలుపు పగలగొట్టడం దొరకు గొప్ప పనేం కాదు. కానీ ఆయనకు పగిలిన తలుపు అక్కర్లేదు. ధర్మకర్త చేతి మీదుగా వచ్చిన తాళంచెవి కావాలి. అది చేతికొస్తే, ఈ పేటవాళ్లు తమంతట తామే అప్పగించారని పైవాళ్లకు చెప్పుకోవచ్చు.

కిరాకోస్ ఆఘా అమ్మింది ఆ మాటనే. ప్రతిఫలంగా ఒక పతకం వస్తుందట. దాన్ని కోటుకు ఎక్కడ తగిలించుకోవాలో ఆయన అద్దం ముందు నిలబడి అప్పుడే చూసుకున్నాడు కూడా. కొసరుగా, చర్చి వెనక గదులు సాయంత్రానికల్లా ఖాళీ చేయించి ఇస్తానన్నాడు.

ఆ గదుల్లో ఉండేది సరిహద్దు అవతల టర్కీలో కాలిపోయిన ఊళ్ల నుంచి నడిచి వచ్చిన విధవరాళ్లు. వాళ్లలో తాగుహి తల్లి ఒకతె. మూష్ నుంచి మంచులో నడిచిన నడకకు ఆమె కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. అక్కడ సుల్తాను కత్తి చూపించి పొమ్మన్నాడు. ఇక్కడ జార్ చక్రవర్తి కాగితం చూపించి పొమ్మంటున్నాడు. సొంత వియ్యంకుడు ఆమెను కొసరులో కలిపి తూచేశాడు.

తాళంచెవి తీసింది తాగుహి.

దొంగతనంలా కూడా తియ్యలేదు. రోజూ మామగారి చేతుల మీద నీళ్లు పోసేదీ, ఆయన పక్క ఎత్తేదీ ఆమే. ఆయన తువ్వాలులో ముఖం పెట్టి తుడుచుకుంటుండగా ఆయన ఎదుటే పక్క చుట్టేసింది. తాళంచెవిని తీసుకుని రొట్టెల గదిలోకి వెళ్లి, నేలలోకి దింపిన మట్టిపొయ్యి, అదే తోనిర్, అడుగు బూడిదలో దోపింది. పైన పిడకలు పేర్చి నిప్పంటించింది. ఇనుముకు నిప్పు భయం లేదు. కాలే తోనిర్‌లో చెయ్యి పెట్టి వెతికే మగవాడు ఆ వంశంలో పుట్టలేదు.

ఆమెను ఎవరూ అనుమానించలేదు. మాట్లాడని మనిషికి ఆలోచనలు కూడా ఉండవని ఆ ఇంటి నమ్మకం. అందుకే దొరతో బేరం సంగతంతా ఆమె ముందే మాట్లాడుకున్నారు.

*

ఆ రోజు పెప్రోన్ ఇంట్లో రొట్టెల వంతు. పొరుగు ఆడవాళ్లు పిండి ముద్దలు పట్టుకుని వచ్చి తోనిర్ చుట్టూ కూర్చున్నారు. ఒకరు ముద్దలు చేస్తుంటే ఒకరు అప్పడంలా పల్చగా ఒత్తుతున్నారు. తాగుహి ఆ రొట్టెను గుడ్డ దిండు మీద పరిచి, తోనిర్‌లోకి నడుము దాకా వంగి, వేడి గోడకు ఛెళ్లున చరుస్తోంది.

అంతలో కిరాకోస్ ఆఘా తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. మగవాడు రొట్టెల గదిలో అడుగు పెట్టడం ఎవరూ ఎరగరు. ఆడవాళ్లు తలల మీది గుడ్డలు సర్దుకున్నారు.

"ఎప్రాక్సీ!" అని కూతుర్ని పిలిచాడు. "మీ వదిన్ని అడుగు. పొద్దున నా పక్క ఎత్తింది తనే కదా, తాళంచెవి చూసిందా?"

తాగుహి ఆయనకు రెండు అడుగుల దూరంలోనే ఉంది. అయినా కోడలు మామగారితో మాట్లాడకూడదు, అత్తగారితో మాట్లాడకూడదు, ఇంటి పెద్దలెవరితోనూ మాట్లాడకూడదు. ఏం చెప్పాలన్నా ఆడబిడ్డ చెవిలో చెప్పాలి. పదహారేళ్ల ఎప్రాక్సీ దాన్ని తనకు తోచినట్టు బయటికి చెబుతుంది. ఏడేళ్లుగా తాగుహి నోరు ఎప్రాక్సీదే. ఆ నోట్లో సగం సేపు ఎండు మల్బరీ పళ్లే ఉంటాయి.

"వదినా! నాన్న అడుగుతున్నాడు!" ఎప్రాక్సీ చెవిటివాళ్లతో మాట్లాడినట్టు అరిచింది. "తాళంచెవి చూశావా అంట!"

తాగుహి ఆమె చెవిలో గొణిగింది. పక్క ఎత్తాను, చుట్టాను, మూల పెట్టాను.

"ఏమంటోంది?"

"పరుపులో ఉన్ని గడ్డలు కట్టిందంట నాన్నా. ఉతికించి ఏకించాలంట."

"ఉన్ని సంగతి ఎవడడిగాడే! తాళంచెవి ఎటు పోయిందో అడుగు!"

తాగుహి పిండి అంటిన చేతిని పైకెత్తింది. అంతా పైవాడికే తెలియాలన్నట్టు.

"మిద్దె మీదా?" కిరాకోస్ ఆఘా ముఖం వెలిగింది. "ఒరేయ్ హైరాపేత్! మిద్దె మీద చూడరా! మిద్దె మీద ఉందంట!"

కాసేపటికి పైన ధబధబమని అడుగులు వినిపించాయి. ఎండబెట్టిన ఆప్రికాట్ పళ్ల మధ్య హైరాపేత్ దేవులాడుతున్నాడు. పైకప్పు పొగగూట్లోంచి ఒక పండు జారి తోనిర్ పక్కన పడింది.

"దొరికింది," అంది బండి తోలే హంబో పెళ్లాం వోస్కెహాత్, ఆ పండు నోట్లో వేసుకుంటూ. ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"నవ్వులాటగా ఉందా నీకు?"

"లేకేం ఆఘా? పిల్ల నోటికి ఏడేళ్లుగా గుడ్డ కట్టి ఉంచావు. ఇప్పుడు దాని నోట్లో మాట కావాలంటూ మిద్దెలెక్కుతున్నావు. ఆ గుడ్డ విప్పించు. కానుక ఇయ్యి, మాట తీసుకో. అందరి మామలూ చేసేదేగా! మా మామ బండివాడు, ఆయన కూడా మూడో ఏడు ఒక దూడనిచ్చి నా నోరు విప్పాడు."

"అప్పటి నుంచి పేటకు నిద్ర లేదు," అంది పెప్రోన్.

కిరాకోస్ ఆఘా గడ్డం గోక్కున్నాడు. కోడలి మొదటి మాట ఊరికే రాదు. మామ నలుగురి ముందు కానుక ఇవ్వాలి, నోటి గుడ్డ దించమనాలి. అప్పుడు కోడలు ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుని మాట్లాడుతుంది. ఆ మాటను విన్న ఆడవాళ్లే సాక్షులు. కోడలి మొదటి మాటను అబద్ధం అన్న ఇంటితో ఇక ఎవరూ వియ్యమందరు.

"సరే. ఒక కోడిపెట్టను ఇస్తాను."

"గుడ్లు పెట్టేదా, మానేసిందా?" అంది వోస్కెహాత్.

"కోడీ, దాంతోపాటు ఒక గంప బార్లీ."

"పటాలం గుర్రమా అది, బార్లీ తినడానికి?"

"గొర్రెపిల్ల!" అని అరిచాడాయన, ఏదో కోటను రాసిచ్చేవాడిలా.

పెప్రోన్ రొట్టెలు ఒత్తే కర్రను పీట మీద దబ్బున పెట్టింది. "ఇదెక్కడి న్యాయం? నన్ను పదకొండేళ్లు మాట్లాడనివ్వలేదు మీ నాన్న. చివరికి ఒక చిల్లుల రాగి గంగాళం ఇచ్చి నోరు తెరవమన్నాడు. దీనికి ఏడేళ్లకే గొర్రెపిల్లా? సరిహద్దు దాటి కాళ్లీడ్చుకుంటూ వచ్చినదానికి? కట్టుబట్టలతో చర్చి గదుల్లోంచి తెచ్చుకున్నాం దీన్ని!"

"ఆ పదకొండేళ్ల బాకీ రోజూ వసూలు చేసుకుంటూనే ఉన్నావుగా అక్కా," అంది వోస్కెహాత్.

తాగుహి రొట్టె తీసింది. మరో రొట్టె చరిచింది. చెమట గుడ్డలోకి దిగి ఉప్పగా పెదాలకు తగులుతోంది.

మామగారితో అనాల్సిన మొదటి మాటను ఆమె ఈ ఏడేళ్లలో ఎన్నోసార్లు తయారు చేసుకుంది. కొన్ని తిట్లు బాగా కుదిరాయి. పోయినేడు పురిట్లో కూతురు చనిపోయిన రోజున, పక్కగదిలో ఆయన బార్లీ ధర బేరమాడుతున్నాడు. గొంతెత్తి ఏడిస్తే మామగారికి వినబడుతుంది, తప్పు అని అత్తగారు నోటి గుడ్డను ఇంకో చుట్టు బిగించింది. ఆ రోజు తయారైన మాట చాలా చిన్నది. దాన్నే వాడాలని తాగుహి నిశ్చయించుకుని ఉంది.

కానీ ఈరోజు ఆ మాట ఖర్చు చేస్తే తల్లి వీధిలో పడుతుంది.

చూడలేదని చెప్పినా లాభం లేదు. ఇల్లు తవ్వుతారు. ఎప్పుడో ఒకప్పుడు తోనిర్ ఆరుతుంది.

*

దొర గుర్రపుబండి ఇంటి ముందు ఆగింది. వెనకే ఇద్దరు సిపాయిలు. వాళ్ల వెనక చర్చి ప్రాంగణంలోని జనమంతా. ముసలి పూజారి తేర్ ఘేవోంద్ చేతికర్ర ఊపుకుంటూ వస్తున్నాడు. చూస్తుండగానే ఇంటి వాకిలి నిండిపోయింది, గోడలూ పొరుగు మిద్దెలూ కూడా నిండిపోయాయి.

"కిరాకోస్ ఆఘా ఇవ్వడు!" అని ఎవరో అరిచారు. "నా శవం మీద నడిచి తీసుకోండి అన్నాడు ఆదివారం! మేం విన్నాం!"

నిజమే, అన్నాడు. శవం అనే మాట దగ్గర గుండె కూడా బాదుకున్నాడు.

దొర బండి దిగాడు. ఆయనకు ఈ నాటకంలో తన భాగం బాగా వచ్చు. కళ్లెర్రజేశాడు, రష్యన్‌లో కేకలేశాడు, కత్తి సగం దూశాడు. పక్కనున్న దుబాసీ, ఈ ఊరి ఆర్మేనియన్ గుమస్తాయే, తర్జుమా చేశాడు. "చక్రవర్తి పేరు మీద... చర్చి తాళంచెవి ఇవ్వమని..."

కిరాకోస్ ఆఘా ఏడ్చాడు. ఇంత బాగా ఆయన జన్మలో ఏడవలేదు. ముక్కు కూడా కారింది. దొర ముఖంలో మెప్పు కనిపించింది. ఇక చాలన్నట్టు ఆయన చెయ్యి చాచాడు.

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

దొర కనుబొమలు ముడిపడ్డాయి. ఇది అనుకున్న నాటకంలో లేదు. ఆయన కాస్త దగ్గరికి జరిగి, నోరు పెద్దగా కదపకుండా ఏదో అడిగాడు. కిరాకోస్ ఆఘా ఒక్క గెంతులో రొట్టెల గదిలోకి వచ్చి పడ్డాడు. తలుపు బార్లా తెరుచుకుని ఉంది. వాకిట్లో జనమంతా లోపలికి చూస్తున్నారు.

"ఆ వడ్డాణం ఇటు తే!"

"ఏ వడ్డాణం?" పెప్రోన్ రెండు చేతులూ నడుముకు అడ్డం పెట్టుకుంది. "నా వడ్డాణమా? మా అమ్మ పెట్టింది ఇది! ఏవండీ! మీకు మతి పోయిందా!"

ఆయన లాగాడు, ఆమె వెనక్కి లాగింది. చివరికి కొక్కెం ఊడి, వెండి వడ్డాణం ఆయన చేతికి వచ్చింది. దాన్ని తాగుహి పిండి చేతుల్లో కుక్కాడు.

"ఇదిగో కానుక! అందరూ చూశారు కదా! నోటి గుడ్డ దించు. మాట్లాడు. తాళంచెవి ఎక్కడుంది?"

గదిలో ఆడవాళ్లు, వాకిట్లో జనం మెడలు చాచారు. వోస్కెహాత్ కూడా నోరు మూసుకుంది.

తాగుహి వడ్డాణాన్ని పీట మీద పెట్టింది. చేతులు కడుక్కుంది. తొందరేం లేదు, ఏడేళ్లు ఆగిన మాట. నోటి గుడ్డ కిందికి లాగింది. ఆమె గడ్డం మీద చిన్న మచ్చ ఉందని ఆ ఇంట్లో సగం మందికి అప్పుడే తెలిసింది.

ఆమె ఎదుట మామగారి ముఖం ఉంది. చెమట, కన్నీళ్లు, మీసాన ఉన్ని. ఆ ముఖం వెనక వాకిట్లో జనం ముఖాలున్నాయి. వాళ్లు ఈయనను నిజంగా నమ్ముతున్నారు. నాలుగు రోజులుగా ఎండలో కూర్చున్నవాళ్లు. ఇంత మంచి నమ్మకాన్ని ఇలాంటి మనిషి మీద పారబోసుకుంటున్నారే అని ఆమెకు కడుపు మండింది.

ఆ మంటలోనే మాట దొరికింది.

వంగి ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుంది. ఏడేళ్లు వాడని గొంతు, మొదట జీరగా వచ్చింది.

"మామయ్యా," అంది, వాకిలి చివర దాకా వినబడేలా. "మీరు దాచమన్న చోటే దాచాను. ప్రాణం పోయినా ఎవరికీ చెప్పొద్దన్నారు. చెప్పలేదు."

వాకిలి దద్దరిల్లింది.

"జయం కిరాకోస్ ఆఘాకు!"

"విన్నారా! దాచేశాడు! దొర వచ్చేలోపే దాచేశాడు!"

కిరాకోస్ ఆఘా నోరు తెరిచాడు. "నేనా? నేనెక్కడ... ఇది అబ..."

అబద్ధం అనబోయి ఆగిపోయాడు. చుట్టూ సాక్షులున్నారు. పెళ్లికావలసిన ఎప్రాక్సీ మల్బరీ నమలడం మానేసి తండ్రినే చూస్తోంది.

"నాకేం తెలియదు!" అన్నాడు చివరికి. "ఒట్టు! నాకు నిజంగా తెలియదు!"

"చూశారా!" వోస్కెహాత్ చెయ్యి చాచి జనానికి చూపించింది. "కత్తి మెడ మీద ఉన్నా ఒప్పుకోవట్లేదు! మగాడంటే ఇలా ఉండాలి. ఇన్నాళ్లూ నేను ఈయన్ని ఎంత మాటలన్నాను, నా నోరు పడ!"

ఆమె నిజంగానే కళ్లు తుడుచుకుంది. తాగుహికి ఆ ఒక్క విషయంలోనే కాస్త బాధ కలిగింది.

దొర ముఖం కందగడ్డ అయింది. రష్యన్‌లో గబగబా ఏదో అన్నాడు. ఈసారి నాటకపు కేకలు కావు. మొన్న సాయంత్రం తన దగ్గర కూర్చుని వొదిగి వొదిగి ఏం చెప్పావని అడుగుతున్నాడని కిరాకోస్ ఆఘా ముఖమే చెబుతోంది. దుబాసీ జనం వంక చూశాడు. గోడల మీద కూర్చున్న కుర్రాళ్ల వంక చూశాడు.

"దొరగారు... తాళంచెవి ఎక్కడని అడుగుతున్నారు," అన్నాడు. అంతకంటే తర్జుమా చెయ్యడానికి అతనికి ఇచ్చే జీతం చాలదు.

ముసలి పూజారి తేర్ ఘేవోంద్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఆయనకు చూపు ఆనదు. తడుముకుంటూ కిరాకోస్ ఆఘా తలను రెండు చేతులా పట్టుకుని, నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

"నాయనా, నీ గురించి మనసులో తప్పుగా అనుకున్నాను," అన్నాడు. "క్షమించు. రేపటి నుంచి ప్రార్థనలో ముందు నీ పేరే చదువుతాను."

ఇక్కడే ఆ వింత జరిగింది. తాగుహి కళ్లార్పకుండా చూసింది.

కిరాకోస్ ఆఘా మెడ నిలబడింది. పొట్ట లోపలికి పోయింది. ఒక ముసలమ్మ ఆయన చొక్కా చెయ్యిని కళ్లకద్దుకుంటే, ఆ చెయ్యిని ఇంకొంచెం చాచాడు. మిద్దె మీదివాళ్లు ఆయన పేరు పెట్టి అరుస్తుంటే, ఎవరెవరు అరుస్తున్నారో తలెత్తి చూసుకున్నాడు. సొంత కొడుకు హైరాపేత్ కూడా ఆప్రికాట్ల మధ్య నిలబడి, గింజలు మరిచిపోయి, నాన్న ఇంత గొప్పవాడని తెలియనట్టు చూస్తున్నాడు.

పతకం వస్తే ఒక్క కోటుకే వస్తుంది. ఇక్కడ ఊరంతా తగిలించుకుంటోంది.

కాసేపటి క్రితం ఉన్ని పీకుతూ పాకిన మనిషే ఇప్పుడు దొర ముందుకు నడిచి వెళ్లి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అవును! దాచాను!" అన్నాడు. "నా ప్రజల సొత్తు దాచాను! ఇవ్వను!"

ధైర్యం కాదది. పొగడ్తకు వచ్చిన మైకం. ఎంతసేపుంటుందో తాగుహికి తెలుసు. కోట జైలు కొట్టు తలుపు పడేదాకా కూడా ఉండదు. అయినా ఆ మైకంలో అన్న మాటను ఊరంతా విన్నది. ఇక ఈ పేటవాళ్లు తమంతట తామే అప్పగించారని ఎవరూ ఎక్కడా చెప్పుకోలేరు. గదులు ఖాళీ చేయించేవాడు కూడా లేడు. అమ్మ ఈ రాత్రి తన పక్క మీదే పడుకుంటుంది.

సిపాయిలు ఆయన రెండు రెక్కలూ పట్టుకున్నారు. బండి వైపు నడిపించారు. దారిపొడుగునా జనం ఆయన భుజాలు తాకుతున్నారు, జేబుల్లో రొట్టెలు కుక్కుతున్నారు. పెప్రోన్ నడుము తడుముకుంటూ, మొగుడి కోసమో వడ్డాణం కోసమో తెలియకుండా శోకాలు పెడుతోంది.

బండి మెట్టు మీద కాలు పెట్టాక మైకం దిగడం మొదలైంది. బండి లోపల చీకటిగా ఉంది. ఆయన వెనక్కి తిరిగాడు.

"నా కోడల్ని దీవించి వెళ్తాను," అన్నాడు.

"దీవించనివ్వండి! దీవించనివ్వండి!" అని జనం అరిచారు. సిపాయిలు ఆగారు. తాగుహి ముందుకు వెళ్లి తల వంచింది.

కిరాకోస్ ఆఘా ఆమె తల మీద చెయ్యి పెట్టి, చెవి దగ్గరికి వంగాడు. ఆయన శ్వాస ఉల్లిపాయల కంపు కొడుతోంది.

"అమ్మాయ్," అని గొణిగాడు, "ఎక్కడ దాచానే నేను?"

ఏడేళ్లలో ఆయన ఆమెను నేరుగా ఒక ప్రశ్న అడగడం ఇదే మొదలు. జవాబు కోసం ఆగడం కూడా.

చెబితే వీధి మలుపు తిరిగేలోపు దొరకు తెలిసిపోతుంది. తాగుహి తలెత్తింది. గొంతు ఇప్పుడు జీరపోలేదు.

"మీరు అడిగినా చెప్పొద్దన్నారు కదా మామయ్యా!"

వాకిలి మరోసారి దద్దరిల్లింది. టోపీలు గాల్లోకి ఎగిరాయి. ఇంతటి మనిషి ఈ పేటలో పుట్టలేదని వోస్కెహాత్ గుండెలు బాదుకుంది.

ఆ గోలలో దొర దుబాసీని ఏదో అడిగాడు. ఆ అమ్మాయి ఏమంది? దుబాసీ అలవాటుకొద్దీ, ఆలోచించకుండానే, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెప్పాక నాలుక కరుచుకున్నాడు: దాచినవాడే అయితే ఎక్కడుందని కోడల్ని అడగడుగా.

దొర అరవలేదు. కిరాకోస్ ఆఘా వైపు ఒకసారి చూశాడు, ఖాళీ సంచిని చూసినట్టు. తర్వాత తాగుహి వైపు చూశాడు. అంతసేపూ ఆ వాకిట్లో ఆమె ఉన్నట్టు ఆయన గమనించలేదు. ఇప్పుడు చాలాసేపు చూశాడు.

బండిలో కిరాకోస్ ఆఘా పక్కన ఒకరు కూర్చునే చోటుంది. దొర జేబులోంచి చేతిరుమాలు తీసి, ఆ చోటు మీది దుమ్మును మర్యాదగా దులిపి, తాగుహికి చెయ్యి అందించాడు.